పెన్సిల్ సెల్లుల కంప్యూటర్‌తో నీళ్ళు వెతికిన రోజులు

భూగర్భ జలాల సర్వే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు జహీరాబాద్‌లో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, "పాపం, మీ కాలంలో కంప్యూటర్లు లేవు కదా సార్, ఎట్లా చేశారో ఏమో" అని జాలిపడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు లేవయ్యా? మీరు ఇంకా ఉయ్యాలలో ఉన్నప్పుడే నేను ఒక ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని మొగుడంపల్లి నుంచి ఝరాసంగం దాకా ఎర్రదుమ్ము మింగుతూ తిరిగాను. దాన్ని పసిపిల్లలా సాకాను, నోటికొచ్చినట్టు తిట్టాను, ఒకసారి దాని మాట విని ఒక వాడవాడనే నట్టేట ముంచబోయాను. చివరికి గండం గట్టెక్కించింది కూడా అదే.

ప్రమోషన్లు, బదిలీలు, టీఏ బిల్లుల గోల ఇక్కడ రాయను. అవి మీకూ వస్తాయి, మీరే పడతారు. ఈ ఉద్యోగంలో అసలు పనేమిటో, అది నాకు ఎట్లా తెలిసివచ్చిందో చెబుతాను.

సుత్తె, మేకులు, పెన్సిలు

డెబ్బైలలో నేను చేరినప్పుడు మా దగ్గర ఉన్నవి ఒక బ్యాటరీ పెట్టె, తీగ చుట్టలు, నాలుగు ఇనుప మేకులు, ఒక సుత్తె. మేకులను ఒకే వరుసలో నేలలోకి దిగగొట్టాలి. బయటి రెండు మేకుల గుండా కరెంటు నేలలోకి పంపాలి, లోపలి రెండింటి దగ్గర మీటరు చూడాలి. ఎండిన రాయి కరెంటును అడ్డుకుంటుంది, తడి ఉన్న నేల పోనిస్తుంది. బయటి మేకులను దూరం జరిపేకొద్దీ ఇంకా లోతున ఏముందో తెలుస్తుంది. మధ్యమధ్య లోపలి మేకులను కూడా కొంచెం జరపాలి. శాస్త్రం ఇంతే. మిగతాదంతా నడక, ఎండ, ఊరకుక్కలు.

మా వైపు నేల సంగతి మీకు తెలుసు. పైన ఎర్రమట్టి, దాని కింద గులకరాళ్ళ మొరం, దాని కింద నల్లరాయి. ఎండాకాలంలో ఆ ఎర్రనేల గట్టిపడి మేకును పట్టుకోదు, కరెంటు లోపలికి పోదు. అందుకని మేకు చుట్టూ చెంబెడు ఉప్పునీళ్ళు పోస్తాం. మేకుకూ మట్టికీ అతుకు కుదరడానికి అంతే, నీళ్ళు వెతకడానికి దానితో సంబంధం లేదు. ఈ చెంబెడు నీళ్ళ విషయం గుర్తుపెట్టుకోండి.

మీటరు చూసి రాసుకున్న అంకెలను గ్రాఫ్ కాగితం మీద చుక్కలుగా పెట్టాలి. చుక్కలను గీతగా కలిపి, ఆ గీతను అచ్చు వేసిన నమూనా గీతల మీద ఉంచి, అటూ ఇటూ జరుపుతూ కూర్చోవాలి. ఏ నమూనాతో అతికినట్టు సరిపోతే అదే జవాబు. ఒక్కొక్క చోటికి ఒక పూట పట్టేది. కళ్ళు మండేవి, మెడ పట్టేసేది.

ఆ పని నేర్పినవాడు నా మొదటి బాస్ శంకరయ్య గారు. ఆఫీసు నడపడం ఆయనకు బొత్తిగా చేతకాదు. ఆయన బల్ల మీద ఏ కాగితమూ కావలసినప్పుడు దొరికిన పాపాన పోలేదు. కానీ పొలంలో దిగితే వేరే మనిషి. చుక్కలు పెట్టేటప్పుడు వెనక నిలబడి చూసేవాడు. "అంకె చదవకు. చుక్క చూడు. చుక్క గీతలోంచి బయటికి పోయిందంటే నేల నీతో ఏదో చెబుతోంది, లేదా నువ్వు ఏదో తప్పు చేశావు. రెండిట్లో ఏదో తేలేదాకా లేవకు" అనేవాడు. లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టేవాడు. నేను లోపల తిట్టుకునేవాణ్ణి.

ఇంకో మాట కూడా అనేవాడు. "నీళ్ళు పడతాయని రైతుకు ఎప్పుడూ చెప్పకు. ఇక్కడ తవ్వి చూద్దామని చెప్పు." ఆ రెండు మాటలకు తేడా ఏమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. బోరు ఎండిపోయాక రైతు మన మొహంలోకి చూస్తాడు చూడండి, అప్పుడు అర్థమవుతుంది.

డబ్బా వచ్చింది

ఎనభైల మధ్యలో మాకు విదేశీ సాయంతో ఒక ప్రాజెక్టు వచ్చింది. దానితోపాటు ఒక కొత్త బాస్, ఒక కొత్త డబ్బా వచ్చాయి. బాస్‌ను అందరూ ప్రాజెక్టు సార్ అనేవాళ్ళు. చురుకైనవాడు, మంచివాడే, కాకపోతే కాళ్ళ కింద నిప్పులున్నట్టు ఉండేవాడు. డబ్బా ఏమో ల్యాప్‌టాప్.

ఇప్పటివాటిలా మూత తెరిచేది కాదు. పలకలాగా ఒకటే ముక్క. లావుపాటి పుస్తకమంత ఉండేది. పైభాగంలో సన్నటి అద్దం, అందులో కొన్ని వరుసల అక్షరాలు మాత్రమే పట్టేవి. కింద టైపు మిషన్ లాంటి మీటలు. వెనక మూత తీస్తే పెన్సిల్ సెల్లులు. అవును, గడియారంలో వేసే సెల్లులే. కరెంటే అక్కర్లేదు. మా ఊళ్ళల్లో ఆ ఒక్క గుణం చాలు దాన్ని నెత్తిన పెట్టుకోవడానికి.

మొదటిరోజు అంకెలన్నీ కొట్టి ఒక మీట నొక్కాను. చాయ్ గ్లాసు ఖాళీ చేసేలోగా అద్దం మీద జవాబు వచ్చింది. పైపొర ఇంత, దాని కింద ఇంత, తడి ఇక్కడ. నేను ఒక పూటంతా మెడ వంచి చేసే పని! సంతోషంతో లేచి వరండాలో అటూ ఇటూ తిరిగాను. నా మెడకు విముక్తి దొరికిందని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ "మీ మెడకు సరే, నాకేం దొరికింది?" అంది.

ప్రాజెక్టు సార్ ఇంకా సంబరపడిపోయాడు. "ఇక గ్రాఫ్ కాగితాలు తెప్పించొద్దు" అని స్టోరుకు చెప్పేశాడు. పాత కట్ట ఒకటి నా సంచీ అడుగున ఉండిపోయింది.

ఎండ, చీమలు, సెల్లులు

ఇట్లాంటి చిన్న కంప్యూటర్‌తో రోజూ బతకడం ఎట్లా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే మీ యంత్రాలకు కూడా ఇవే రోగాలు ఉన్నాయి.

దాని మొదటి శత్రువు ఎండ. కాస్త వేడెక్కితే అద్దం మొత్తం నల్లబడి ఏమీ కనిపించేది కాదు. నీడకు తెచ్చి అట్టతో విసిరితే మెల్లగా తేరుకునేది. రెండోది దుమ్ము. ఎర్రమట్టి మీటల సందుల్లో చేరితే ఒక అంకె నొక్కితే రెండు పడేవి. మా ఆవిడ పాత బొంత చింపి దానికో గలీబు కుట్టిచ్చింది. సంచీలో బెల్లం ముక్క పెట్టుకున్న పాపానికి ఒకసారి లోపల చీమలు కాపురం పెట్టాయి. వాటిని వెళ్ళగొట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి సెల్లులు. అవి నీరసించినా అదేమీ మొరపెట్టుకోదు, మెల్లగా మసకబారుతుంది. అందుకే కొత్త సెల్లులు ఎప్పుడూ చొక్కా జేబులోనే పెట్టుకునేవాణ్ణి.

ఇన్ని బాధలున్నా దాన్ని మోయడం ఎంత హాయిగా ఉండేదో! బస్సులో ఒళ్ళో, స్కూటరు మీద భుజాన. అంతకుముందు లెక్కలు చేయాలంటే నేను ఆఫీసుకు పోవాలి, ఇప్పుడు ఆఫీసే నాతో పొలానికి వస్తోంది. దాని విలువ అదే.

చిరాగ్‌పల్లి దగ్గర బస్సు ఆపారు

ఒకసారి బొంబాయిలో ఈ డబ్బా మీదే శిక్షణ పూర్తిచేసుకుని బస్సులో తిరిగి వస్తున్నాను. చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దగ్గర తనిఖీకి బస్సు ఆపారు. నా ఒళ్ళో ఉన్నదాన్ని చూసి ఒకాయన దిగమన్నాడు.

"ఏందిది? విసీఆరా?"

"కాదు సార్. కంప్యూటరు."

"కంప్యూటరంటె బీరువంత ఉంటది. నన్ను జూస్తె నీకెట్ల కనవడుతున్న?"

బస్సు దిగి, చెట్టు నీడన కూర్చుని దాన్ని నడిపి చూపించాను. అంకెలు కదిలాయి. ఆయన వంగి చూసి, గొంతు తగ్గించి, "మా ఇంటెన్క బోరుల నీళ్ళు ఎందుకు వస్తలేవో జర అడుగు దాన్ని" అన్నాడు. మేకులు కొట్టకుండా అది చెప్పదని ఎంత చెప్పినా వినలేదు. "అడుగైతె అడుగు, పోయేదేముంది" అంటాడు. చాయ్ తాగించి పంపాడు గానీ మొహం చిన్నబుచ్చుకున్నాడు. డబ్బాకు అన్నీ తెలుసనీ, నేనే అడగడం లేదనీ ఆయన అనుమానం.

బస్సులో వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆ డబ్బా మీద జనానికి ఎంత నమ్మకం పుడుతోందో అప్పుడే పట్టించుకుని ఉంటే బాగుండేది.

మార్తమ్మ వాళ్ళ వాడ

ఝరాసంగం వైపు, రోడ్డు దిగి లోపలికి పోతే ఒక చిన్న వాడ ఉండేది. అందరూ కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబాలు. వాళ్ళ చేదబావి ఎప్పుడో ఎండిపోయింది. కొంత దూరంలో పటేల్ పొలంలో మోటరు నడిచినప్పుడు పోయి నీళ్ళు పట్టుకునేవాళ్ళు. ఆ ఎండాకాలం పటేల్ బావిలోనూ నీళ్ళు తగ్గాయి. "నా పంటకే లేవు, ఈ వారం దాటితె రాకుండ్రి" అని ఆయన చెప్పేశాడు.

మా ప్రాజెక్టు నియమం ఏమిటంటే, ఆ ఎండాకాలానికి ఒక్కొక్క వాడకు ఒక్కటే బోరు. పడితే పడినట్టు, లేకపోతే బోరు తవ్వే రిగ్గు లారీ పక్క ఊరికి పోతుంది, మళ్ళీ రాదు.

సర్వేకు ముందురోజు నేను, నా సహాయకుడు యాదయ్య పోయి చోటు చూశాం. చర్చి వెనక చదునుగా ఉన్న మెట్ట బాగుందనిపించి, మధ్యలో సున్నంతో గుర్తు పెట్టాను. వాడలో ఆడవాళ్ళకు పెద్దదిక్కు మార్తమ్మ. నలభై దాటిన మనిషి, చేతిలో ఖాళీ బిందె లేకుండా నేను ఆమెను చూడలేదు. ఆ గుర్తును కాసేపు తేరిపార చూసి అడిగింది.

"సారూ, రేపు గా మిషిని దెస్తరా? మా తల్లిగారి ఊర్ల జూసిన. మీరు దెచ్చిన్రు, నీళ్ళు వడ్డయి."

"తెస్తమమ్మా."

"ఈడ గూడ వడాలె సారూ. వడకుంటె మేం ఇండ్లకు తాళం వెట్టి పోవుడే. పిల్లగాండ్లను దీస్కొని ఏ పట్నం పొమ్మంటరు మమ్మల్ని?"

తవ్వి చూద్దామమ్మా అన్నాను. శంకరయ్య గారు నేర్పిన మాటే అది. ఆమె మొహం చూస్తే ఆ మాట నాకే చప్పగా వినిపించింది.

మరునాడు ఉదయం మేము పోయేసరికి రిగ్గు కూడా వచ్చేసింది. మామూలుగా సర్వే అయిన కొన్నాళ్ళకు రిగ్గు వస్తుంది. ప్రాజెక్టు సార్ తొందర వల్ల ఈసారి రెండూ కలిసి వచ్చాయి. రిగ్గు మేస్త్రీ అజీజ్ భాయ్. నోరు గట్టిది, మనసు మెత్తనిది, కానీ మొదట ఆ నోరే కనిపిస్తుంది.

మేకులు కొట్టాం, తీగలు లాగాం. లోపలి మేకులు వెన్నలోకి దిగినట్టు దిగాయి. యాదయ్య "ఈడ నేల మంచిగున్నది సార్" అని మురిసిపోయాడు. నేనూ మురిశాను. మీటరులో అంకెలు ఎంత బాగా వచ్చాయంటే, ఆ వైపు అంత మంచి అంకెలు నేను ఎప్పుడూ చూడలేదు. డబ్బాలో కొట్టాను. మీట నొక్కాను. దండిగా తడి ఉంది, ఇక్కడే వేయండి అన్నట్టుగా వచ్చింది జవాబు. సున్నం గుర్తు దగ్గర అజీజ్ భాయ్ రిగ్గును నిలబెట్టాడు. జాకీలు దింపాడు.

అప్పుడు మార్తమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"సారూ, నీళ్ళు సరిపోయినయా?"

"ఏం నీళ్ళమ్మా?"

"మిషినికి తాపినయి. మా తల్లిగారి ఊర్ల మీరు మేకుల కాడ ఉప్పునీళ్ళు వోస్తిరి గద. మీరు చెంబెడే వోస్తిరి. గంత పెద్ద మిషినికి చెంబెడు నీళ్ళు ఏడ సాలుతయి? నిన్న పొద్దుగూకంగ వాడవాడంత కల్సి బిందెలు బిందెలు వోసినం. ఉప్పు గూడ దండిగ కలిపినం. ఎవ్వలింట్ల ఒక్క సుక్క ఉంచుకోలే సారూ. ముందుగాల మనం దానికి తాపితెనే అది మనకు తాపుతది."

గబగబా మేకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను.

అంత ఎండలో మేకులు వెన్నలోకి దిగినట్టు ఎందుకు దిగాయో అప్పుడు తెలిసింది. పైన పొడిమట్టి కప్పుకుని ఉంది గానీ, వేలు గుచ్చి చూస్తే కింద ఎర్రటి బురద. మీటరుకు తగిలిన తడి భూమిది కాదు, వాళ్ళ బిందెలది. పిల్లల నోటి దగ్గరి నీళ్ళు తీసుకొచ్చి నా సున్నం గుర్తు చుట్టూ పోశారు.

సంచీ అడుగున ఉన్న గ్రాఫ్ కట్ట తీసి, అక్కడే నేల మీద కూర్చుని అవే అంకెలను చుక్కలుగా పెట్టాను. గీత మధ్యలో పుటుక్కున తెగింది. లోపలి మేకులను తడి దాటించి దూరం జరిపిన చోటే తెగింది. చిన్నపిల్లవాడికైనా కనిపించేంత తేడా. డబ్బా ఆ తెగిన చోటును నున్నగా సరిచేసి జవాబు చెప్పింది. దాని తప్పేమీ లేదు, నేను ఇచ్చిన అంకెలు అది నమ్మింది. చుక్కలు చూసే అలవాటు నాది, దానిది కాదు.

"ఆపండి" అని అరిచాను. "అజీజ్ భాయ్, ఆపండి!"

సమాధుల మధ్య తీగ

అజీజ్ భాయ్ ఇంజను కట్టేసి కిందికి దిగాడు.

"క్యా సాబ్, పొద్దుగాల ఈడనే అంటివి, ఇప్పుడు ఆపు అంటున్నవు. నాది రిగ్గా, పీర్ల సవారీయా, నీ ఎన్క తిరగనీకె?"

విషయం చెప్పాను. ఆయన మార్తమ్మ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. తిట్టబోయి ఆగాడు. "చూడు సాబ్, ఎండ జర తగ్గె దాంక ఆగుత. ఇంకో జాగ జూపిస్తె జూపియ్యి. లేకుంటె నేను పోవాలె, పక్కూరోళ్ళు గూడ ఎదురుచూస్తున్నరు" అన్నాడు.

మార్తమ్మకు సంగతి అర్థమై కుప్పకూలిపోయింది. "నేనే ముంచిన సారూ. అందరు నా మాట ఇనే వోసిన్రు" అని తల కొట్టుకుంది. ఆమెను ఓదార్చడానికి టైము లేదు. "ముంచలే అమ్మా. నువ్వు అడిగినవు గాబట్టి బతికినం. లే, వాడల ఇంకా పల్లం జాగ ఏడున్నది చెప్పు" అన్నాను.

వాడకు అవతలి పక్క పల్లంగా ఉన్న చోటు ఒకటే ఉంది. బోరు వేయడానికి ఖాళీ జాగా సరిపోతుంది, కానీ తీగలు చాచాలంటే వాళ్ళ సమాధుల దొడ్డి మీదుగా పోవాలి. నేను ఆగాను. సమాధుల మధ్య ఇనుప మేకులు కొట్టడమా? మార్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని తనే ముందు నడిచింది.

"కొట్టుండ్రి సారూ. మా అత్త గీడనే ఉన్నది. బతికినన్ని దినాలు నీళ్ళ కోసం నన్ను తిట్టింది. ఇప్పుడు అడ్డమొస్తదా?"

ఆ బాధలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. యాదయ్య సుత్తె ఎత్తాడు.

ఇక్కడ నేల నిజంగా ఎండి ఉంది. మేకు దిగడమే గగనమైంది, దిగినా మీటరు ముల్లు పిచ్చిగా ఊగింది. చెంబెడు నీళ్ళు కావాలి. వాడ మొత్తం గాలించినా చెంబెడు నీళ్ళు లేవు! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మా తాగునీళ్ళ సీసా ఎప్పుడో ఖాళీ అయింది. అజీజ్ భాయ్ గొణుక్కుంటూ పోయి రిగ్గు మీది క్యానుతో నీళ్ళు తెచ్చి మార్తమ్మ ముందు పెట్టాడు.

"లే అక్కా. ముందు పిల్లగాండ్లకు తాపు. మిగిల్తె సాబ్‌కు ఇయ్యి."

ఆమె అట్లాగే చేసింది. పిల్లలు తాగగా మిగిలినవాటిని యాదయ్య ఒక్కో మేకు దగ్గర మందు పోసినట్టు పోశాడు. మీటరు ముల్లు కుదురుకుంది. అంకెలు తీసుకున్నాం.

మధ్యాహ్నం ఎండకు డబ్బా అద్దం నల్లబడింది. దగ్గరలో నీడ అంటే రిగ్గు లారీ కిందే. లారీ కింద దూరి, బోర్లా పడుకుని, అట్టముక్కతో విసురుతూ ఉన్నాను. అజీజ్ భాయ్ కూడా వంగి విసిరాడు. అక్షరాలు మెల్లగా పైకి తేలాయి. ఈసారి ముందు చుక్కలు పెట్టాను. గీత ఎక్కడా తెగలేదు. తరువాత డబ్బాలో కొట్టాను. పైన మొరం, దాని కింద గట్టిరాయి, ఆ రాయి కింద మెత్తబడిన పొర. పొద్దుటి జవాబంత ఘనంగా లేదు. కానీ కాగితం మీద కనిపిస్తున్నదీ అదే.

పిల్లలూ, దీన్ని సరిగ్గా వినండి. పెన్సిలు గొప్పది, కంప్యూటరు చెడ్డది అని చెప్పడం లేదు. అచ్చు గీతలతో సరిపోల్చుతూ కూర్చుని ఉంటే ఆ సాయంత్రానికి నాకు జవాబు దొరికేది కాదు. రిగ్గు వెళ్ళిపోయేది. లారీ కింద పడుకుని జవాబు చెప్పగలిగే యంత్రం నా దగ్గర ఉండబట్టే ఇంకో అవకాశం దొరికింది. చుక్కలు మనం చూడాలి, లెక్క అది చేయాలి. ఆ తరువాత ప్రాజెక్టు సార్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. గ్రాఫ్ కాగితాలు మళ్ళీ స్టోరుకు వచ్చాయి. తన మాట తనే మార్చుకునే బాస్ దొరకడం అదృష్టం, ఆ విషయంలో ఆయనకు నేను ఎప్పుడూ రుణపడి ఉంటాను.

దుమ్ము రంగు

లారీ కింద నుంచి బయటికి వచ్చి చెయ్యి చూపించాను. "అజీజ్ భాయ్, ఇక్కడ తవ్వి చూద్దాం."

రిగ్గు మొదలైంది. ఆ చప్పుడులో మనుషుల మాటలు వినపడవు. మొదట ఎర్రదుమ్ము లేచింది. తరువాత మొరం. తరువాత నల్లరాయి తగిలి బూడిద రంగు దుమ్ము లేవడం మొదలైంది. అజీజ్ భాయ్ ఒక గొట్టం తరువాత ఒక గొట్టం అతికిస్తూ పోయాడు. దుమ్ము మాత్రం మారలేదు. పొడి పొడి దుమ్ము, మా జుట్ల మీద, కనుబొమ్మల మీద, మార్తమ్మ ఒళ్ళోని ఖాళీ బిందె మీద.

వాడ మొత్తం అక్కడే నిలబడి ఉంది. ఎవరూ నా వైపు చూడటం లేదు, అందరూ దుమ్ము వైపే చూస్తున్నారు. నాకు మాత్రం అందరూ నన్నే చూస్తున్నట్టుంది. డబ్బా చెప్పిన లోతు వచ్చింది. దాటింది. దుమ్ము పొడిగానే ఉంది. దేవుడా, ఈ ఒక్కటి గట్టెక్కించు, ఇంకెప్పుడూ ఏదీ అడగను అనుకున్నాను. సర్వేలు చేసేవాడు అనుకోవలసిన మాట కాదు, అయినా అనుకున్నాను. పోతూ పోతూ నేను వీళ్ళకు ఏం చెప్పి పోవాలి? తాళాలు వేసుకోమని చెప్పాలా?

ఇంకో గొట్టం అతికించాడు అజీజ్ భాయ్. కొంచెం దిగగానే దుమ్ము పలచబడినట్టు అనిపించింది. నా భ్రమేమోనని యాదయ్య వైపు చూశాను. వాడు నోరు తెరిచి ఉన్నాడు. దుమ్ము ముద్దలు ముద్దలుగా పడటం మొదలైంది. అజీజ్ భాయ్ ఒక ముద్ద తీసి పిడికిట్లో నొక్కాడు. వేళ్ళ సందుల నుంచి తడి కారింది. ఆయన నా వైపు తిరిగి చెయ్యి తెరిచి చూపించాడు. ఏదో అన్నాడు, వినపడలేదు.

గొట్టం చుట్టూ బురద ఉబికింది. బురద వెంట ఎర్రటి నీళ్ళు ఎగిసి పడ్డాయి. అందరి మీదా చిందాయి. కాసేపటికి ఆ ఎరుపు పలచబడి, నీళ్ళు కాలువ కట్టి పల్లంలోకి పారాయి.

హమ్మయ్య! నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ పారే నీళ్ళ పక్కనే డబ్బాను పక్కన పెట్టుకుని కూలబడ్డాను. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారాయి. తుడుచుకోలేదు, ఒంటినిండా బురదే, ఎవరికి తెలుస్తుంది?

కాసేపటికి తల ఎత్తి చూస్తే చుట్టూ వాడవాళ్ళు ఒక్కరూ లేరు. దండాలు లేవు, దీవెనలు లేవు. వాడవాడంతా ఇళ్ళలోకి పరిగెత్తింది. లోపల గిన్నెలు, బకెట్లు గలగలమంటున్నాయి.

అందరికన్నా ముందు మార్తమ్మ వచ్చింది. చంకలో ఒక బిందె, తల మీద ఒక బిందె. నేను కూర్చున్న చోట నీళ్ళు బాగా పారుతున్నాయి. కాలు నేల మీద తాటిస్తూ నిలబడింది.

"సారూ, జర లేవుండ్రి. గా డబ్బ గూడ తియ్యుండ్రి, అడ్డమున్నది. బిందె వెట్టాలె."

లేచాను. డబ్బా తీశాను. ఆమె బిందె పెట్టింది.